కంబళిలో సముద్రప్పిట్ట

మా ఇంటి డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. విశాఖపట్నంలో ఉంటూ, చాలా ఏళ్లుగా సముద్రపు పక్షుల కండరాల మీద పని చేస్తున్నాను. మంచు తేలే నీళ్ల మీద బతికే పక్షులు గడ్డకట్టుకుపోకుండా ఎలా ఉంటాయి, తిన్నదాన్ని వాటి కండలు వేడిగా ఎలా మారుస్తాయి అన్నది నా చదువు, నా ఉద్యోగం, మా ఆయన లెక్కలో నా జబ్బు. అంతటి పండితురాలిని, ప్రాణంతో ఉన్న చలి సముద్రపు పక్షిని మొదటిసారి చూడటానికి హిందూపురం వెళ్లాను. సముద్రం అనే మాట అక్కడ బడిపిల్లల మ్యాపుల్లో తప్ప ఎక్కడా తగలదు.

ఇన్నేళ్లూ నేను చూసినవన్నీ ముక్కలే. ఎక్కడో చలి దేశాల ప్రయోగశాలలు దయతలచి పంపే ఛాతీ కండరం ముక్కలు, గడ్డకట్టి, పాతబడి, చీటీ అంటించుకుని వస్తాయి. వాటిని పలుచగా కోసి, గాజు పలక మీద పెట్టి, ఆ పక్షి ఎంత గొప్పదో పేజీలకు పేజీలు రాశాను. అది ఎగిరితే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మాత్రం టాపిక్ మార్చేదాన్ని.

జూన్ నెలలో బెంగళూరులో ఒక సెమినార్‌కి పోయాను. ఏసీ హాల్లో, మధ్యాహ్నం భోజనం కోసం ఓపిగ్గా కూర్చున్న కొంతమందికి చలిని జయించే కండరాల గురించి చెప్పి కిందకు దిగేసరికి ఫోన్లో ఫోటో ఉంది. పంపినవాడు తిప్పేస్వామి, ఒకప్పుడు నా విద్యార్థి, ఇప్పుడు హిందూపురంలో జువాలజీ లెక్చరర్. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, బొగ్గు రంగు, తోక మొదట్లో తెల్లటి పట్టీ, ముక్కు మీద చిన్న గొట్టం. ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. దక్షిణ ధ్రువం దగ్గర మంచు రాళ్ల సందుల్లో గుడ్లు పెట్టి, అక్కడ చలికాలం ముదిరేసరికి మన సముద్రాల వైపు వచ్చే తుపాను పిట్ట అది. అరేబియా సముద్రం మీది గాలివానకు కొట్టుకొచ్చి, కొండలు దాటి, కర్ణాటక సరిహద్దున అమరాపురం దగ్గర ఒక గొర్రెల దొడ్లో పడింది.

"మా పెద్దమ్మ దొడ్లో దొరికింది మేడమ్. కంబళిలో చుట్టి పొయ్యి పక్కన పెట్టింది," అన్నాడు తిప్పేస్వామి, నేను వెంటనే ఫోన్ చేస్తే.

"అయ్యో! అది చలి సముద్రం పక్షి, ఉడికిపోతుంది. కంబళి తీసెయ్. చల్లగా ఉంచు," అన్నాను, అన్నీ తెలిసినదాని గొంతుతో.

పాఠకులు ఈ మాటలు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత ఊరూరా నా కన్నా ముందు చేరినవి ఇవే.

మా డిపార్టుమెంటు హెడ్‌కి కూడా ఉత్సాహంగా ఫోన్ చేశాను. ఆయన భావుకుడు కాదు. "బతికుంటే సంతోషం. పోతే మాత్రం ఆలస్యం చెయ్యకు. ఛాతీ కండరం వెంటనే ఐసులో పెట్టు. మన దేశంలో దొరికిన తాజా శాంపిల్ అవుతుంది," అన్నారు. అబద్ధం ఎందుకు, నాకూ ఆశ పుట్టింది. బెంగళూరులో ఒక స్నేహితురాలి దగ్గర ఐసుపెట్టె అరువు తీసుకుని బస్సెక్కాను. చావుబతుకుల్లో ఉన్న ప్రాణిని పరామర్శించడానికి ఇంతకన్నా మర్యాదైన సరంజామాతో యముడు కూడా బయలుదేరడు.

హిందూపురం

తిప్పేస్వామి బస్టాండులో ఎదురొచ్చి, సంచీ అందుకుని, ఎంతో గర్వంగా చెప్పాడు. "పంపించేసినా మేడమ్. వన్యప్రాణిని ఇంట్లో పెట్టుకోకూడదు కదా. పొద్దున్నే పెనుకొండ ఫారెస్టు ఆఫీసుకి అప్పగించినా."

నేను ముందు రాత్రి నుంచీ నిద్రపోలేదు. చట్టాన్ని గౌరవించే శిష్యుణ్ణి తయారుచేసిన పాపం నాదే.

"ఎలా పంపావు?"

"మీరు చెప్పినట్లే, చల్లగా. జ్యూసు అంగడి నుంచి ఐసు తెచ్చి, కవర్లలో కట్టి చుట్టూ పెట్టినా. అడుగున మాత్రం పెద్దమ్మ కంబళి ముక్క వేసినా, ఒరుసుకోకుండా."

వాళ్లింటి మెట్ల మీద ఆ పెద్దమ్మ కూర్చుని ఉంది. పేరు కరియమ్మ. గొర్రెల మంద ఉన్న మనిషి. పిట్టను ఒళ్లో పెట్టుకుని అమరాపురం నుంచి బస్సులో తెచ్చి అప్పగించింది. ఇప్పుడు కొడుకు వరసవాడి మీద మండిపడుతోంది.

"వానలో మన దొడ్లోకి వచ్చి పడిన జీవమమ్మా. మా ఇంట్లో ఒక వాడుక ఉండాది. తొలి వానకు దొడ్లోకి ఏదొచ్చినా మందలో కలిపి చూసుకుంటాం. అది సచ్చిపోతే మందకు మంచిది కాదు. వీడు చూస్తే పుచ్చకాయ మాదిరి ఐసులో పెట్టి పంపినాడు!"

"పెద్దమ్మా, మేడమ్ చెప్పినారు," అన్నాడు తిప్పేస్వామి. కరియమ్మ నా వైపు చూసిన చూపులో సైన్సు మీద గౌరవం ఏ మూలా లేదు.

వెంటనే పెనుకొండ వెళ్దామన్నాను. ఈ ఊళ్లో వెంటనే అంటే అన్నం తిన్నాక అని అర్థం. మా వైపు ఇంటికొచ్చిన వాళ్లను "కాఫీ తాగుతారా?" అని అడిగి, వద్దంటారేమోనన్న ఆశతో నిలబడతాం. ఇక్కడ అడగరు. ముందు ఉగ్గాని, బజ్జి వచ్చాయి. మేం మరమరాలనే బొరుగులను నానబెట్టి, తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జి పెట్టి మనిషి కళ్లలో నీళ్లు తెప్పిస్తారు. అది టిఫిను మాత్రమేనట. తర్వాత రాగి ముద్ద, శెనక్కాయల ఊరుబిండి అనే పచ్చడి. నేను ముద్దను శ్రద్ధగా నములుతుంటే కరియమ్మ కోపం మరిచి నవ్వింది.

"నమిలేది కాదమ్మా, మింగేది. గుటుక్కున."

సముద్రపు పక్షులు చేపను మింగే పద్ధతి కూడా అదే. ఆ సంగతి చెప్పి మెప్పు పొందాలనుకున్నాను గానీ ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగించి, వీపు మీద చరిచి, బస్సు దగ్గరికి నడిపించింది ఆవిడే.

తనూ వస్తానంది. పిట్ట కోసమా, కంబళి కోసమా అని తిప్పేస్వామి ఎగతాళి చేశాడు. "రెండూ నావే," అంది. అతనికి కాలేజీ ఉంది కాబట్టి మేమిద్దరమే బయలుదేరాం. పోతూపోతూ ఐసుపెట్టెలో ఐసు నింపుకున్నాను. జ్యూసు అంగడాయన "ఆ పిట్టకేనా?" అని అడిగి, దుడ్లు తీసుకోలేదు. నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

బస్సులో

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగింది కరియమ్మ.

జనరల్‌గా ఈ ప్రశ్నకు టీచర్నని చెప్పి తప్పించుకుంటాను. ఆ రోజు చెప్పేశాను. "కోడిని కోస్తే రొమ్ము తెల్లగా, తొడ ఎర్రగా ఉంటుంది చూశారా? కోడి రోజంతా నడుస్తుంది, ఎగరదు. అందుకని పని చేసే కండ ఎరుపు. ఈ పిట్టకు రొమ్మంతా నల్లెరుపు. ఎప్పుడూ ఎగురుతూనే ఉండాలి. ఆ కండలో కంటికి కనపడని పొయ్యిలుంటాయి, లెక్కలేనన్ని. చలి సముద్రం మీద బతికే వాటికి ఇంకా ఎక్కువ. ఆ పొయ్యిల్లో కొవ్వు మండుతుంది."

"మరి చలేస్తే వణకదా?"

"వణుకుతుంది. ఆ వణుకులోనే ఉంది అంతా. రెక్కలాడించే కండలే, రెక్క కదలకుండా, ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మోటార్ సైకిలు స్టాండు మీద పెట్టి ఇంజను తిప్పినట్టు. బండి కదలదు, ఇంజను వేడెక్కుతుంది."

ఆవిడ ఆలోచించింది. "అయితే దానికి చలంటే ఇష్టమా?"

"ఇష్టమని కాదు. తట్టుకుంటుంది. కడుపు నిండా..."

అంతవరకూ వచ్చి ఆగిపోయాను. పొయ్యిలున్నాయి. కట్టెలో?

"కరియమ్మా, మీ ఇంట్లో ఉన్నప్పుడు అదేమైనా తిన్నదా?"

"యాడ తింటాది? ముద్ద పెట్టినా, ముట్టలేదు. పాలు పోసినా, నూనె మాదిరి ఏదో కక్కింది. బో కంపు."

ఆ నూనే దాని చివరి కట్టె. వానలో, గాలిలో, అంత దూరం కొట్టుకొచ్చిన పక్షి ఒంట్లో కొవ్వు ఏం మిగిలి ఉంటుంది? అలాంటి దానికి నేను చెప్పిన వైద్యం, కంబళి తీసేసి చల్లగా ఉంచమని. పొయ్యి పక్కన పెట్టడం ఎక్కువే, నిజమే. ఐసులో పెట్టడం హత్య. ఇన్నేళ్లూ నేను చదివిన ప్రతి ముక్కా ఈ సంగతే చెప్పింది. ఫోటో చూసిన సంబరంలో నాకు ధ్రువం గుర్తొచ్చింది గానీ ఆకలి గుర్తు రాలేదు. భయం వేసింది.

తిప్పేస్వామికి ఫోన్ చేసి, చల్లగా ఉంచొద్దని పెనుకొండకు చెప్పమన్నాను. అతను చేశాడు, పాపం. ఎవరూ ఎత్తలేదు. తప్పుడు సలహా తొలి ఫోనుకే అందుతుంది. దాన్ని సరిదిద్దబోతే మాత్రం అవతలివారు పనిలో ఉంటారు.

పెనుకొండ

కొండ, కోట, విరిగిన బురుజులు, వాటి మీంచి వచ్చే గాలి. చరిత్ర ప్రియులు ఇక్కడ ఆగి నిట్టూరుస్తారు. మేం ఆగలేదు. ఒకప్పుడు రాజులు వేసవి విడిదికి వచ్చేవారని బోర్డు మీద చదివాను. జూన్ మధ్యాహ్నం ఆ ఎండలో నడిచాక, రాజులకు వేరే ఊళ్లు తెలియవేమో అనిపించింది.

ఆఫీసరు గారు వరండాలో, చెట్టు నీడ అంచున కుర్చీ వేసుకుని, చొక్కా తడిసిపోయి, ఫైలుతో విసురుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. మర్యాదస్తుడు.

"రండి మేడమ్. మీ పిట్టకు ఏ లోటూ చెయ్యలేదు. ఆఫీసంతా ఏసీ ఉండేది నా రూములోనే. చలి దేశం పిట్ట అన్నారని పద్దెనిమిదిలో పెట్టి, తలుపు మూసి, నేను బయటికొచ్చేసినా. పొద్దున్నుంచి ఈడనే పని చేస్తాండా. ఫోను కూడా లోపలే ఉండాది, తలుపు తెరిస్తే చల్లదనం పోతాదని."

కోపం రావాల్సిన చోట ఆయన చొక్కా చూసి రాలేదు. నా ఉద్యోగజీవితంలో నా మాటను ఇంత నిష్ఠగా పాటించిన అధికారి ఇంకొకరు లేరు.

"చూపిస్తారా?" అన్నాను.

"అదే మేడమ్... పిట్ట కొంచెం డల్లయింది. రిస్కు ఎందుకని జీపులో ధర్మవరం పశువుల ఆసుపత్రికి పంపించినా. దావలో చల్లగా ఉంచమని డ్రైవరుకి గట్టిగా చెప్పినా. డాక్టరమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పినా."

"మా కంబళి?" అంది కరియమ్మ.

"దాంతోపాటే పోయిందమ్మా. గవర్నమెంటుకి నీ కంబళి ఎందుకు?"

చల్లగా ఉంచొద్దని డాక్టరుకు చెప్పమని నేను బతిమాలితే, ఆయన లోపలికెళ్లి ఫోన్ చేశారు. డాక్టరమ్మ ఎనుము ఈత దగ్గర, మా మాటలో గేదె పురుడు దగ్గర ఉందట, మాట్లాడలేదట. ఆయన ఇప్పించిన నన్నారి షర్బత్ నిలబడే తాగాం. కొండ ఎక్కి చూసి పొమ్మని ఎంతో ప్రేమగా చెప్పారు. కోట మీద నాకు కోపం లేదు. అది ఇంకో నాలుగు వందల ఏళ్లయినా ఆగగలదు, పిట్ట ఆగలేదు.

ధర్మవరం బస్సులో కరియమ్మ ఐసుపెట్టె మీద చెయ్యి వేసి అడిగింది. "ఇది దేనికమ్మా? పిట్టకు చలి కూడదంటాండావు, ఐసు మోస్తాండావు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చెప్పక తప్పలేదు. "చచ్చిపోతే, దాని కండను చెడిపోకుండా తీసుకెళ్లడానికి."

ఆవిడ పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. ధర్మవరం దాకా నాతో మాట్లాడలేదు.

ధర్మవరం

ఈ ఊరికొచ్చి పట్టుచీర కొనకుండా వెళ్లిన ఆడమనిషిని స్టేషన్లో రైలెక్కనివ్వరేమో అన్నట్టుంటుంది. వీధి పొడుగునా అంగళ్లు, ప్రతి అంగడి ముందూ "రాండక్కా, చూసి పోండి". సందుల్లోంచి మగ్గాల చప్పుడు. మామూలు రోజైతే నేను ఆ పిలుపులకు లొంగిపోయి, మా ఆయన చేత మాటలు పడేదాన్ని. ఆ రోజు ఆటోవాడు చీరల అంగడి ముందు ఆపి, "ఈడ నాకు తెలిసినోళ్లుండారక్కా," అంటే, కరియమ్మ వాడికి రెండు భాషల్లో సమాధానం చెప్పింది. కన్నడం సగం నాకు అర్థం కాలేదు. వాడికి మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అప్పుడే ఎనుము దగ్గర్నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. చిన్న వయసు, అలసిపోయిన మొహం.

"పిట్ట ఎక్కడ?" అన్నాను.

"భద్రంగా ఉండాది మేడమ్. చల్లగా ఉంచమని చెప్పినారు కదా. ఎండకు ఇంకెక్కడ పెట్టేది? ఇప్పుడే టీకాల ఫ్రిజ్జులో..."

నేను ఆ గదిలోకి పరిగెత్తాను. ఫ్రిజ్జు తలుపు తీస్తే, మందు సీసాల పక్కన అట్టపెట్టె. అట్టపెట్టెలో కంబళి ముక్క. దాని మీద ఆ పక్షి.

ఇన్నేళ్లు ఎదురుచూసిన దర్శనం అలా జరిగింది. కళ్లు మూసుకుని ఉంది. సన్నటి నల్లటి కాళ్లు ముడుచుకుని ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఛాతీ మీద వేలు పెట్టాను. ఎముక కత్తి అంచులా తగిలింది. గుండె ఎక్కడో లోపల, సన్నగా. వణుకు మాత్రం లేదు. అదే నన్ను భయపెట్టింది. వణుకుతున్న పక్షికి ఇంకా మండించడానికి ఏదో ఉందని అర్థం. వణుకు ఆగిపోయిందంటే పొయ్యిలు ఆరిపోతున్నాయి.

డాక్టరమ్మ చూసి మెల్లగా అంది. "అయిపోయినట్టే మేడమ్. మీరు పరిశోధన చేస్తారంట కదా. శాంపిల్ కావాలంటే ఇప్పుడే తీసుకోండి, ఫ్రెష్‌గా ఉంటాది. ట్రే ఇస్తా."

తప్పు మాట కాదు. నేను నా విద్యార్థులకు చెప్పే మాటే. ఐసుపెట్టె నా కాళ్ల దగ్గరే ఉంది. అదే క్షణంలో సంచీలో ఫోన్ మోగింది, హెడ్ గారు. తీయలేదు. నా ఎడమ చెయ్యి పెట్టె మూత మీదకు వెళ్లింది, అది నిజం. తాజా కండ. నా పేరు మీద పేపరు. ఇంకెప్పుడూ దొరకదు.

కరియమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు, ఏడవలేదు. "ఇంగా ఊపిరుండాది కదమ్మా," అంది.

మూత మీంచి చెయ్యి తీశాను. కంబళిలో చుట్టి పిట్టను ఆవిడకిచ్చాను. ఈనిన రోజే తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఎలా పెట్టుకుంటుందో అలా, పైట కింద, ఒంటికి ఆనించి పెట్టుకుని గోడకు చేరగిలబడింది. డాక్టరమ్మ ముందు నాలుగు చుక్కలు గోరువెచ్చని గ్లూకోజు నీళ్లు తాగించింది. నేను ఎదురుగా మెడికల్ షాపుకు ఉరికి, చేపనూనె మాత్రలు కొన్నాను. షాపతను "మోకాళ్ల నొప్పులా మేడమ్?" అని అడిగాడు. పక్షికని చెప్పే ఓపిక లేక ఔనన్నాను. మాత్రను సూదితో పొడిచి, డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేశాను. ధ్రువం దాకా ఎగిరే పక్షి ప్రాణం మోకాళ్ల మందు మీద ఆధారపడింది.

కాసేపు ఏమీ లేదు. గదిలో ఫ్యాను, బయట ఎనుము అరుపు. తర్వాత కరియమ్మ మొహం మారింది.

"ఏందో గిలిగిలా అంటాందమ్మా. ఫోను మోగినట్లు."

పైట కిందకు చెయ్యి పెట్టాను. వణుకుతోంది. చాలా సన్నగా, ఆగకుండా. రెక్కలు కదలడం లేదు, లోపల ఇంజను తిరుగుతోంది. నేను గాజు పలకల మీద ఎన్నిసార్లు చూశానో ఆ కండరాల గీతల్ని, ఆ పొయ్యిల్ని, లెక్కపెట్టి పట్టికలు గీశాను. అవి ఇలా ఉంటాయని నాకు తెలియదు. ఏడుపొచ్చింది. డాక్టరమ్మ మర్యాదగా ఫ్రిజ్జు సర్దుకుంది.

స్టేషన్

సాయంత్రానికి కళ్లు తెరిచింది. పెనుకొండ ఆఫీసరు గారికి ఫోన్ చేస్తే, "తీసుకుపోయి వదిలెయ్యండి మేడమ్, మా లిమిట్సులో సముద్రం లేదు," అన్నారు. ఈసారి ఫోను మొదటి రింగుకే ఎత్తారు. మళ్లీ ఏసీలో కూర్చున్నట్టున్నారు.

పిట్టను మోయడానికి పెట్టె కావాలి. ఉన్నది ఒకటే. స్టేషన్ బయట షర్బత్ బండి దగ్గర ఐసంతా కుమ్మరించాను. "ఎందుకక్కా?" అన్నాడు బండతను. అవసరం తీరిందన్నాను. ఉచితంగా వచ్చిన ఐసుకు ప్రతిఫలంగా మాకు చెరో గ్లాసు ఇచ్చాడు. పెట్టె లోపల తుడిచి, మూత కొంచెం తెరిచి ఉండేలా పుల్ల అడ్డం పెట్టి, కంబళి ముక్క పరిచి, పిట్టను అందులో కూర్చోబెట్టింది కరియమ్మ.

"కంబళి మళ్లా పంపియ్యి. మరిచిపోతావు నువ్వు," అంది. మధ్యాహ్నం నుంచి నాతో ఆవిడ అన్న మొదటి తిట్టు అది. అంటే క్షమించిందని అర్థం చేసుకున్నాను.

మర్నాటి సాయంత్రం, దారిలో దిగి, నెల్లూరు వైపు చేపలు పట్టే పల్లెకారుల ఊరి ఒడ్డున పెట్టె మూత తీశాను. అరచేతిలో కూర్చుని, కాసేపు వణికి, ఒళ్లు వేడి చేసుకుంది. తర్వాత నా చీర మీద నూనె కక్కి, నీళ్ల మీదుగా, అలకు జానెడెత్తున, వెళ్లిపోయింది. కృతజ్ఞత లాంటిదేమీ చూపలేదు. ఎగిరితే ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పగలను. ఎవరూ అడగడం లేదు.

"శాంపిల్ ఏది?" అన్నారు హెడ్ గారు.

"ఎగిరిపోయింది సర్."

ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ప్రయాణంలో దక్కిన లాభాల్లో అదొకటి.

కంబళి ముక్కను ఉతికాను. ఎండలో వేశాను. మళ్లీ ఉతికాను. ఆ చేపనూనె కంపు పోలేదు. మా ఆయన పోరు పడలేక అలాగే పార్సిల్ చేసి పంపాను. కొన్నాళ్లకు కరియమ్మ ఫోన్ చేసింది.

"ఏమమ్మా, పోయిందా పిట్ట?"

"పోయింది కరియమ్మా. బాగా ఎగిరింది."

"సరేలే. మందలో ఒకటి తక్కువైంది, ఒకటి ఎక్కువైంది. నిన్న ఒక గొర్రె ఈనింది. తల్లికి పాలు లేవు, పిల్లను ఆ కంబళిలోనే చుట్టినా." నవ్వు ఆపుకుంటూ అంది. "గొర్రెపిల్లంతా బో చేపల కంపు కొడతాందమ్మా. తక్కిన గొర్రెలు దాని దగ్గరికే రావడం లేదు. అది మాత్రం ఎచ్చగా నిద్రపోతాండాది."